17 ఏళ్ల ఆర్మీ సర్వీసు తర్వాత ఎస్‌పీజీలో చేరవచ్చా? సెక్యూరిటీ పనిలో కేంద్ర ఉద్యోగం ఎలా?

తమ్ముడూ, జైహింద్.

మీరు అడిగింది ఇదీ: ఆర్మీలో 17 ఏళ్లు పూర్తవుతున్నాయి, హవల్దార్ ర్యాంకు, వయసు 36, వచ్చే ఏడాది డిశ్చార్జ్. ప్రధానమంత్రి వెంట నడిచే ఎస్‌పీజీలో చేరాలని చాలా కాలంగా కోరిక. దానికి ఎక్కడ అప్లై చేయాలి? అది కుదరకపోతే ఇలాంటి పనే ఉండే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం ఏదైనా దొరుకుతుందా?

ముందే సూటిగా చెప్పేస్తాను. ఎస్‌పీజీకి బయటి నుంచి అప్లై చేసే దారే లేదు. దానికి సొంత రిక్రూట్‌మెంట్ ఉండదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నుంచి, ఇతర పోలీసు సంస్థల నుంచి మనుషులను డిప్యుటేషన్ మీద తీసుకుంటారు, కొన్నేళ్లు పని చేయించుకుని సొంత బలగానికి తిప్పి పంపుతారు. మీరు ఈ వయసులో ఏదో ఒక బలగంలో కానిస్టేబుల్‌గా చేరి, డిప్యుటేషన్‌కు కావలసిన సర్వీసు పూర్తి చేసేసరికి 40 దాటుతారు. ఆ వయసు కానిస్టేబుల్‌ను ఎస్‌పీజీకి ఎంపిక చేయడం నా సర్వీసులో నేను చూడలేదు. కాబట్టి ఆ కోరిక పక్కన పెట్టండి.

కానీ మీ రెండో ప్రశ్నకు జవాబు అవును. మీకు అన్నిటికంటే దగ్గరి దారి సీఐఎస్‌ఎఫ్, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను 1982లో ఆర్మీలో చేరాను. 17 ఏళ్లు చేసి 1999 మొదట్లో మీలాగే హవల్దార్‌గా బయటికి వచ్చాను. అప్పుడు నాకు 35. ఏడాది తిరగకముందే సీఐఎస్‌ఎఫ్ కానిస్టేబుల్‌గా మళ్లీ యూనిఫాం వేసుకున్నాను. ఫ్యాక్టరీ గేట్లు, ఎయిర్‌పోర్టు, ఆ తర్వాత ఏడేళ్లు వీఐపీ సెక్యూరిటీ విభాగం, మళ్లీ ఎయిర్‌పోర్టు. 2024లో 60 ఏళ్లకు ఏఎస్ఐగా రిటైరయ్యాను. వీఐపీ పక్కన నడిచే పీఎస్ఓగా నేను ఎప్పుడూ లేను. నాది నివాసం గేటు, సభాస్థలి గేటు, ఆ తర్వాత అడ్వాన్స్ పార్టీ, అంటే వీఐపీ కంటే ముందే వెళ్లి అన్నీ చూసే బృందం. ఈ మాట ఇక్కడే చెబుతున్నాను, ఎందుకంటే మీకు టీవీలో కనిపించేది పక్కన నడిచేవాళ్లే. ఆ నలుగురి వెనక కనిపించకుండా పని చేసేవాళ్లు ఎన్నో రెట్లు ఉంటారు. మీకు ఉద్యోగం దొరికేది అక్కడ.

ఎస్‌పీజీ ఎందుకు అలా ఉందంటే

1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీని కాల్చింది ఆమె సొంత రక్షణ సిబ్బందే, ఆమె ఇంటి ఆవరణలోనే. ఆ తర్వాత బీర్‌బల్ నాథ్ కమిటీ సిఫారసు మీద 1985లో ఎస్‌పీజీ వచ్చింది, 1988లో దానికి చట్టం చేశారు. మనిషిని ఎంతో వడపోసి తీసుకోవడం, కొన్నేళ్లకే మార్చేయడం దాని పుట్టుకలోనే ఉన్నాయి. ఇప్పటికే ఒక బలగంలో నడవడిక రికార్డు ఉన్నవాడినే వాళ్లు చూస్తారు. 2019 సవరణ తర్వాత ఆ రక్షణ ప్రధానికి, ఆయన అధికారిక నివాసంలో కలిసి ఉండే దగ్గరి కుటుంబానికి, పదవి దిగాక ఐదేళ్ల వరకు మాజీ ప్రధానికి, ఆయనకు కేటాయించిన నివాసంలో కలిసి ఉండే దగ్గరి కుటుంబానికి మాత్రమే. అంటే పని పరిధి కూడా చిన్నదే.

ఉగ్రవాదులను ఎదుర్కొనే కమాండో దళం ఎన్‌ఎస్‌జీ కూడా డిప్యుటేషన్ బలగమే. అందులో దాడి చేసే విభాగానికి ఆర్మీ నుంచే వెళతారు కానీ అది సర్వీసులో ఉండగా, చిన్న వయసులో. పైగా 2024లో ఎన్‌ఎస్‌జీని వీఐపీ డ్యూటీల నుంచి తప్పించి ఆ పని సీఆర్‌పీఎఫ్‌కు ఇచ్చారు. ఇవాళ జడ్ ప్లస్, జడ్, వై లాంటి కేటగిరీల్లో కేంద్రం రక్షణ ఇచ్చేది ఎక్కువగా సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్. సీఐఎస్‌ఎఫ్‌లో దీనికోసం స్పెషల్ సెక్యూరిటీ గ్రూప్ అని 2006 నుంచి ఒక విభాగం ఉంది.

ఇక మీ లెక్క

ఎక్స్ సర్వీస్‌మన్‌కు వయసు లెక్క ఇలా వేస్తారు: అసలు వయసులోంచి మిలిటరీ సర్వీసు తీసేస్తారు. మిగిలింది ఆ పోస్టు గరిష్ఠ వయసుకు 3 ఏళ్లకు మించి ఎక్కువ కాకూడదు. మీకు 36 లోంచి 17 పోతే 19. కానిస్టేబుల్ జీడీ (జనరల్ డ్యూటీ) పోస్టుకు గరిష్ఠం 23. కాబట్టి మీరు హాయిగా లోపలే ఉన్నారు. చాలామంది జవాన్లు "నాకు వయసైపోయింది" అనుకుని నోటిఫికేషనే చూడరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

కేంద్ర సాయుధ బలగాల్లో అసిస్టెంట్ కమాండెంట్ స్థాయి వరకు 10 శాతం మాజీ సైనికులకు. ఆ సీట్లన్నీ నిండటం లేదు, మిగిలినవి ఇతరులకు పోతున్నాయి. కానిస్టేబుల్ జీడీ పరీక్ష స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెడుతుంది. 2024 నుంచి తెలుగులో కూడా రాయవచ్చు. మాజీ సైనికులకు పరుగు పరీక్ష ఉండదు, కొలతలు, రాత పరీక్ష, మెడికల్ ఉంటాయి. మీరు అప్లై చేసే నోటిఫికేషన్‌లో ఈ పేరా వెతికి ఒకసారి చదువుకోండి. 2025లో హోం శాఖ సీఐఎస్‌ఎఫ్ బలం పరిమితిని 1.62 లక్షల నుంచి 2.2 లక్షలకు పెంచింది కాబట్టి రాబోయే కొన్నేళ్లు ఖాళీలు బాగానే ఉంటాయి. డిశ్చార్జ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏడాది లోపు బయటికి వచ్చేవాళ్లు యూనిట్ సర్టిఫికెట్‌తో సర్వీసులో ఉండగానే అప్లై చేయవచ్చు.

మీకు డిగ్రీ ఉంటే ఎస్ఐ పరీక్ష కూడా రాయండి. 15 ఏళ్ల సర్వీసు ఉన్న పదో తరగతి పాసైన జవానును డిగ్రీ అడిగే గ్రూప్ సి పోస్టులకు అర్హుడిగా చూస్తారు. కానీ ఎస్ఐ గ్రూప్ బి. అక్కడ ఆ సౌకర్యం పనికిరాదు, కాలేజీ డిగ్రీ ఉండాలి. దూరవిద్యలో డిగ్రీ సగంలో వదిలేసి ఉంటే ఇప్పుడైనా పూర్తి చేయండి.

జీతం సంగతి. కానిస్టేబుల్‌గా లెవెల్ 3లో 21,700 మూల వేతనంతో మొదలవుతారు. మీ హవల్దార్ వేతనం అక్కడ లెక్కలోకి రాదు. కానీ ఆఫీసర్ కాని ర్యాంకుల మిలిటరీ పెన్షన్‌ను జీతం నుంచి కోసుకోరు. పెన్షన్ పెన్షనే, జీతం జీతమే. రెండూ కలిపి చూసుకుంటే ఇల్లు గడవడానికి ఇబ్బంది ఉండదు.

ఒక కాగితం గురించి గట్టిగా చెబుతున్నాను. మాజీ సైనికుడి కోటా సాధారణంగా ఒక్కసారే. ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరగానే రిజర్వేషన్ కోసం మీ ఎక్స్ సర్వీస్‌మన్ హోదా అయిపోయినట్టే. అయితే ఆ ఉద్యోగంలో చేరకముందే వేరే పోస్టులకు అప్లై చేసి ఉంటే, చేరిన వెంటనే ఆ దరఖాస్తుల తేదీలతో కొత్త ఆఫీసుకు డిక్లరేషన్ ఇస్తే, వాటికి మాత్రం కోటా బతికే ఉంటుంది. 2014లో ఇచ్చిన ఉత్తర్వు అది. నా బ్యాచ్ మిత్రుడి కొడుకు, అతనూ ఆర్మీయే, ముందు ఒక చిన్న ఉద్యోగంలో చేరాడు. అంతకుముందే అప్లై చేసిన ఇంకా మంచి ఉద్యోగానికి నాలుగు నెలల తర్వాత సెలక్ట్ అయ్యాడు. డిక్లరేషన్ ఇవ్వలేదు, ఇవ్వాలని ఆ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోయాడు. చేతికొచ్చిన ఉద్యోగం ఒక్క పేజీ కాగితం లేక పోయింది. మీరు ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ పోస్టుకు ఏ తేదీన అప్లై చేశారో, రిజిస్ట్రేషన్ నంబరుతో సహా రాసుకోండి.

ఇప్పుడు అసలు పని గురించి. నోటిఫికేషన్ల సంగతి ఎవరైనా చెబుతారు. ఇది మాత్రం చేసినవాళ్లే చెప్పాలి.

ఆర్మీ మనకు నేర్పింది కాల్పులు వినిపించిన వైపు కదలమని. 90ల్లో కశ్మీర్‌లో మేం బతికి బయటపడింది ఆ అలవాటు వల్లే. రక్షణ డ్యూటీలో ఆ అలవాటే ప్రమాదం. ఇక్కడ శత్రువును పట్టుకోవడం మన పని కాదు. మనకు అప్పగించిన మనిషిని కప్పి, అక్కడి నుంచి తీసుకెళ్లిపోవడం పక్కన ఉన్నవాళ్ల పని. ఎవరి చోటు వాళ్లు వదలకుండా ఉండడం మిగతావాళ్ల పని.

ఇది నాకు తెలిసొచ్చిన రోజు చెబుతాను. ఒక జిల్లా కేంద్రంలో సభ. వేదిక వెనక ఉన్న చిన్న గేటు నాది. జనం మధ్యలో టపటపమని చప్పుడు. నా కాళ్లు వాటంతట అవే అటు వెళ్లాయి. నాలుగైదు అడుగులు వేసి ఉంటాను, అంతే. అది టపాకాయల సరమని తెలిసి వెనక్కి తిరిగేసరికి ఇద్దరు కుర్రాళ్లు పూలదండలతో గేటు దాటి లోపలికి వచ్చేసి ఉన్నారు. కార్యకర్తలే, ఏ హానీ లేదు. పీఎస్ఓలు ఆపేశారు. రాత్రి మా ఇన్‌స్పెక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. గట్టిగా అరవలేదు. "చప్పుడు ఎవరైనా చేయించగలరు. గేటు మాత్రం నువ్వు వదిలితేనే ఖాళీ అవుతుంది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దండల్లో పూలు కాక ఇంకేమైనా ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

ఎందుకంటే అలా జరిగింది కాబట్టి. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్‌గాంధీ దగ్గరికి వచ్చింది కూడా దండ పట్టుకున్న మనిషే. దేశంలో రక్షణ డ్యూటీ చేసే ప్రతివాడికీ ఆ రోజు గురించి పాఠం చెబుతారు. దండ, బొకే, శాలువా, వినతిపత్రం ఉన్న కవరు, ఏదైనా సరే గేటు దగ్గరే ఆగాలి. చెక్ అయ్యాకే ముందుకు వెళ్లాలి. వినడానికి చిన్న మాట. ఊరి పెద్ద, ఎమ్మెల్యే బంధువు, 80 ఏళ్ల ముసలమ్మ మీ ముందు నిలబడి "నన్నే ఆపుతావా బాబూ" అంటే అప్పుడు తెలుస్తుంది అది ఎంత పెద్ద పనో. మర్యాద తగ్గకూడదు, చెక్ ఆగకూడదు. నేను "అమ్మా, ఒక్క నిమిషం, ఇది మీ కోసం కూడా" అనేవాణ్ని. అందరూ వింటారని కాదు, చాలామంది వింటారు.

అడ్వాన్స్ పార్టీ పని ఇంకా ఓపికది. దాన్ని ఏఎస్‌ఎల్ అంటాం, అడ్వాన్స్ సెక్యూరిటీ లయజన్. వీఐపీ రావడానికి ముందే మనం వెళతాం. హెలిప్యాడ్ నుంచి వేదిక దాకా దారి నడిచి చూస్తాం. ప్రతి కల్వర్టూ దిగి చూడాలి. వేదిక బరువు ఆపుతుందని ఆర్ అండ్ బీ ఇంజనీరు సంతకం, కరెంటు వైరింగ్‌కు విద్యుత్ శాఖ సంతకం. దగ్గరి ఆస్పత్రి ఏది, వీఐపీ బ్లడ్ గ్రూపు రక్తం అక్కడ ఉందా, ఆ సమయానికి సర్జన్ ఉంటాడా. మొదటి దారి మూసుకుపోతే రెండోది ఏది. వంట ఎక్కడ, వండేది ఎవరు. లోకల్ పోలీసులతో కూర్చుని బందోబస్తు స్కీమ్ చూసుకోవాలి. వాళ్లకు ఆ ఊరు తెలుసు, మనకు తెలియదు. ఢిల్లీ నుంచి వచ్చామని వాళ్ల మీద దర్పం చూపించిన మావాళ్లు కొందరు ఉన్నారు. అలాంటిచోట సమాచారం మన దాకా రాదు. ఎస్ఐతో, హోంగార్డుతో కూడా టీ తాగి మాట్లాడండి. ఏ సందులో ఏముందో వాళ్లు చెబుతారు.

కల్వర్టు మాట ఊరికే అనలేదు. 2003 అక్టోబర్ 1న తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళుతున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చారు. బుల్లెట్‌ప్రూఫ్ కారు ఉండబట్టి ప్రాణం దక్కింది. ఆయన ఆ రోజు ఆ దారిలో వెళతారని రాష్ట్రంలో అందరికీ తెలుసు, ఏటా జరిగే ఉత్సవం. తేదీ, దారి ముందే తెలిసిన ప్రయాణానికి అడ్వాన్స్ పని రెట్టింపు చేయాలి. ఆ సంఘటన మనవాళ్లకు ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు, కానీ డ్యూటీలో ఉన్నప్పుడు నేను ఎండాకాలం మధ్యాహ్నం మూడో కల్వర్టు దిగడానికి బద్ధకం వేస్తే అదే గుర్తు చేసుకునేవాణ్ని.

గేటు డ్యూటీ తక్కువని మీకు అనిపిస్తే, 2001 డిసెంబర్ 13 గురించి చదవండి. పార్లమెంటు మీద దాడి జరిగిన రోజు గేటు దగ్గర ఉన్న సీఆర్‌పీఎఫ్ మహిళా కానిస్టేబుల్ కమలేశ్ కుమారి చేతిలో తుపాకీ లేదు, వాకీటాకీ మాత్రమే ఉంది. తెల్ల అంబాసిడర్‌లోంచి దిగినవాళ్లను చూసి మొదట కేక వేసి హెచ్చరించింది ఆమే. తూటాలకు చనిపోయింది. భవనం తలుపులు మూసుకున్నాయి. ఆమెకు అశోకచక్ర ఇచ్చారు. నేను గేటు దగ్గర కొత్తగా వచ్చిన పిల్లలకు డ్యూటీ చెప్పేటప్పుడు మొదట ఆమె పేరు చెప్పేవాణ్ని. ఇప్పుడు పార్లమెంటు భవన రక్షణ సీఐఎస్‌ఎఫ్ చేతిలో ఉంది, 2024 నుంచి.

ఇక కష్టాలు. హవల్దార్‌గా పదిమందికి ఆర్డర్ ఇచ్చిన మనిషి మళ్లీ 20 ఏళ్ల పిల్లలతో ట్రైనింగ్ గ్రౌండ్‌లో నిలబడాలి. నాకు మొదటి మూడు నెలలు చాలా కష్టమైంది. రాత్రిపూట రాజీనామా రాసేద్దామా అనిపించింది. ఆ పిల్లలు నన్ను "ఉస్తాద్" అని పిలవడం మొదలుపెట్టాక, తుపాకీ శుభ్రం చేయడం నా దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాక తేలికయింది. ర్యాంకు తగ్గిందన్న బాధ మీకు ఎంత ఉంటుందో ముందే ఆలోచించుకోండి. దాన్ని తట్టుకోలేక మానేసి వెళ్లినవాళ్లను నేను చూశాను, వాళ్లను తప్పుపట్టను.

రెండోది ఇల్లు. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడుతుంది. వైజాగ్ స్టీల్ ప్లాంట్, శ్రీహరికోట, శంషాబాద్ ఎయిర్‌పోర్టు అన్నీ సీఐఎస్‌ఎఫ్ రక్షణలోనే ఉన్నాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మన వైపు వచ్చే అవకాశం ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని చేరకండి. వీఐపీ డ్యూటీలో పండగ అంటే డబుల్ డ్యూటీ. ఆర్మీలో 17 ఏళ్లు ఎదురుచూసిన మీ భార్య మళ్లీ 24 ఏళ్లు ఎదురుచూడాలి. మా ఆవిడ సరేనన్నది కాబట్టే నేను చేయగలిగాను. మీరు ఆమెను కూర్చోబెట్టి, పోస్టింగ్‌ల సంగతి దాచకుండా చెప్పి, ఆ తర్వాతే ఫారం నింపండి.

ఇంటికి దగ్గరగా ఉండాలని ఆమె అంటే వేరే దారులు ఉన్నాయి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో సాయుధ గార్డు పోస్టులకు మాజీ సైనికులనే తీసుకుంటారు. ఆ బ్యాంకుల్లో, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో గ్రూప్ సిలో 14.5 శాతం కోటా ఉంది, క్లర్కు పని చేయగలిగితే అదీ మంచిదే. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ అయితే మీకు తెలిసిన వాతావరణమే, కన్నూరులో సెంటర్, మిలిటరీ డిపోల రక్షణ. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలు కూడా పిలుస్తాయి. అందులో చేరే ముందు ఆ ఏజెన్సీకి 2005 చట్టం కింద రాష్ట్ర లైసెన్సు ఉందో లేదో, పీఎఫ్ కడుతున్నారో లేదో చూడండి. నా పాత మిత్రుడు ఒకడు ఒక ఏజెన్సీలో రెండేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాక పీఎఫ్ ఖాతాయే తెరవలేదని తెలిసింది. ప్రభుత్వ రంగ సంస్థల్లో పని కావాలంటే రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ స్పాన్సర్ చేసిన ఏజెన్సీలు మేలు.

ఈ నెలలో మీరు చేయాల్సినవి మూడే. మీ మెడికల్ కేటగిరీ షేప్ 1 (పూర్తి ఫిట్) ఉందో లేదో రికార్డులో చూసుకోండి. తక్కువ ఉంటే సాయుధ బలగం కంటే బ్యాంకు వైపు చూడటం మంచిది. పదో తరగతి సర్టిఫికెట్‌లో, సర్వీసు రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే యూనిట్‌లో ఉండగానే సరిచేయించుకోండి, బయటికి వచ్చాక రికార్డ్ ఆఫీసు చుట్టూ తిరగాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏమేం కాగితాలు అడుగుతారో ఈసారి సెలవుకు వచ్చినప్పుడు వెళ్లి అడిగి రాసుకోండి.

మీ ట్రేడ్ ఏమిటో, డిగ్రీ ఉందో లేదో రాయలేదు. అవి చెబితే ఎస్ఐ పరీక్ష వైపు వెళ్లాలా, కానిస్టేబుల్ జీడీయా అన్నది ఇంకా వివరంగా రాస్తాను.